నా లెక్క నాకు చెప్పండి

అన్న తనతో పోట్లాడటం మానేశాడని తెలిసిన పొద్దున అగ్గిమేస్త్రీకి మొదట భయం వేసింది. ఆ వెనకే కోపం వచ్చింది. భయం మధ్యాహ్నానికి దిగింది గానీ, కోపం మాత్రం దిగలేదు.

అన్నదమ్ములిద్దరిదీ ఒకే ఇటుకబట్టీ. మట్టి తెప్పించడం, తొక్కించడం, అచ్చు పోయించడం, కాలిన ఇటుకను లారీలకెత్తించి అమ్మడం అన్న పని. అందుకని అతను పెద్దమేస్త్రీ. పచ్చి ఇటుక పేర్చిన దగ్గర్నుంచి బట్టీ చల్లారేదాకా నిప్పు తమ్ముడి సొత్తు. అందుకని ఇతను అగ్గిమేస్త్రీ. బట్టీ కంతలోంచి లోపలి ఎరుపు చూసి ఇంకెంత కట్టె పడాలో చెప్పేవాడు. కాదన్నవాణ్ణి ఆ కట్టెతోనే తరిమేవాడు. కాదనేది ఎప్పుడూ అన్నే. కట్టె దండగ అని అతను, ఇటుక పచ్చి అని ఇతను, ముప్పై ఏళ్ళుగా ప్రతి బట్టీకీ గొంతులు చించుకునేవాళ్ళు. వీళ్ళిద్దరూ అరుచుకోకపోతే ఇటుక సరిగా కాలదని పనివాళ్ళు ఒక నమ్మకం కూడా పుట్టించుకున్నారు.

అగ్గిమేస్త్రీకి దవడన పొగాకు పెట్టుకునే అలవాటు మీసాలు రాకముందునుంచీ ఉంది. నాలుక ఎడమ అంచున పుండు లేస్తే పన్ను గీసుకుందన్నాడు. మానకపోతే వేడి చేసిందన్నాడు. బట్టీ దగ్గర బతికేవాడికి వేడి చెయ్యక చలువ చేస్తుందా అని భార్య కూడా నమ్మింది. పుండు గడ్డకట్టి, మాట తడబడి, చెవిలోకి పోటు పాకాక పెద్దాసుపత్రికి వెళ్తే, క్యాన్సర్ అన్నారు. నాలుక ఎడమ సగం కోసేశారు. మెడలో గ్రంథులు గీకి తీశారు. పోయిన నాలుక చోట ముంజేతి తోలు ఒలిచి అతికారు. కొన్నాళ్ళకి ఆ తోలు మీద వెంట్రుకలు మొలిచాయి. "నోరు తెరిచి మీసం దువ్వుకునే మగాణ్ణి నేనొక్కణ్ణే" అని అతనే నవ్వాడు. మాట మాత్రం తడిగుడ్డ మూటకట్టినట్టు ముద్దముద్దగా వచ్చేది. వినే ఓపికుంటే అర్థమయ్యేది.

ఆసుపత్రి నుంచి పంపించేరోజున డాక్టరమ్మ గదిలోకి అన్న వెళ్ళాడు. బయటికొచ్చి తమ్ముడి భుజం తట్టి, "అంతా తీసేశార్రా. శుభ్రం. ఇక ఏ మందూ అక్కర్లేదు, తిని పడుకోవడమే" అన్నాడు. అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

తిని పడుకోవడం అగ్గిమేస్త్రీ వల్ల కాలేదు. అయిదోవారానికి బట్టీ దగ్గరికి నడిచాడు. బట్టీ మండుతోంది. కంతలోంచి చూశాడు. ఎరుపు ఇంకా చిక్కగానే ఉంది, పసుపు తిరగలేదు.

"ఇంకో బండి కట్టె పడాలి" అన్నాడు.

అన్న వెంటనే దండగ అంటాడని, ఏమనాలో ముందే నోట్లో పేర్చుకుని నిలబడ్డాడు. అన్న ఆ మాట అనలేదు.

"తెప్పిస్తాలేరా."

అగ్గిమేస్త్రీ తలతిప్పి చూశాడు. "మూడు బళ్ళు" అన్నాడు ఈసారి, ఊరికే.

"మూడే తెప్పిస్తా. నువ్వు నీడలో కూర్చో."

ముప్పై ఏళ్ళుగా ఒక్క పుల్ల దగ్గర తగ్గనివాడు మూడు బళ్ళ దగ్గర తగ్గాడు. అగ్గిమేస్త్రీ పట్టు వదల్లేదు. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం అతను.

"అవన్నీ ఎందుకు, ఇప్పుడే పైవరస విప్పించెయ్."

మండే బట్టీ పైవరస విప్పితే గాలి కొట్టి ఇటుకంతా పెంకులైపోతుంది. నిన్న పనిలో చేరినవాడికైనా ఆ సంగతి తెలుసు. పెద్దమేస్త్రీ మాత్రం, "అలాగేరా. నువ్వెలాగంటే అలాగ" అన్నాడు, పసిపిల్లాడికి చందమామని తెచ్చిస్తానన్నట్టు.

అగ్గిమేస్త్రీ వెళ్తున్నట్టు నాలుగడుగులేసి గిరుక్కున తిరిగాడు. అన్న పనివాళ్ళకి సైగ చేస్తున్నాడు. ఊఁ అనండి, చెయ్యకండి. పైనుంచి దిగబోయిన ముసలి పనివాడు తలగుడ్డతో కళ్ళు తుడుచుకుంటున్నాడు.

ఎవరూ ఏమీ చెప్పక్కర్లేదు ఇక. ఇంత మర్యాద పోయేవాళ్ళకే చేస్తారు.

ఇంటికి నడుస్తుంటే ఒక్కొక్కటే గుర్తొచ్చింది. పదేళ్ళుగా పలకరింపు లేని కట్టెల వ్యాపారి ఎదురొచ్చి కుశలమడిగాడు. క్షవరం చేసేవాడు వరసలో నలుగురిని ఆపి తనని ముందు కూర్చోబెట్టాడు. వదిన రోజూ పాలల్లో గుడ్డు గిలకొట్టి పంపిస్తోంది. ఆ వదిన, కాపురానికొచ్చిన నాటినుంచి తన ఇంట్లో మరిదికి మజ్జిగైనా అడిగించుకోకుండా పోసి ఎరగదు.

గుమ్మంలో అడుగుపెట్టగానే భార్య అందుకుంది.

"ఏమయ్యా, నిన్నే! మెడకి తుండు చుట్టుకోకుండా ఎండలో ఎక్కడ తగలబడ్డావు? కుట్టు ఇంకా పచ్చిగా ఉందని నెత్తీనోరూ కొట్టుకుని చెప్తే చెవినపెడతావా! సగం నాలుక కోశారు గానీ, ఆ డాక్టర్లు నీ మొండితనం గోరంత కూడా కొయ్యలేకపోయారు!"

అంత కమ్మటి తిట్టు అతను విని చాలాకాలమైంది. గోడకి ఆనుకుని పూర్తిగా విన్నాడు.

"ఇంకా తిట్టు" అన్నాడు.

"పిచ్చి కూడా పట్టిందా?"

"నీకు తెలీదన్నమాట." ఆమె చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు. "ఊరంతా నన్ను బుజ్జగిస్తోంది. నువ్వొక్కదానివే తిడుతున్నావు. అంటే నీకూ చెప్పలేదు."

"ఏం చెప్పలేదు? శుభ్రంగా తీసేశారని బావగారు చెప్పారుగా!"

"డాక్టరు చెప్పిందా నీకు?"

"లేదు."

"నాకూ చెప్పలేదు. నోరు నాది. చెప్పిందెవరికి?"

ఆమె చేతిలో చీపురు కింద పడింది. అతను లేవబోతుంటే భుజం పట్టి ఆపింది. "నువ్వెళ్ళి అరిస్తే బావగారు బిగుసుకుపోతారు. మీ వదిన దగ్గరికి నేనెళ్తా. ఆమె నోట్లో నువ్వుగింజ నానదు. కాకపోతే అడిగితే చెప్పదు. తెలిసినట్టు ఏడవాలి."

అన్నగారి వంటగది, వీళ్ళ పెరడు ఒకే గోడకి అటూ ఇటూ. అగ్గిమేస్త్రీ కిటికీ కింద చతికిలబడ్డాడు. లోపల భార్య గొంతు వినిపించింది. అందులో నటన ఎంతో, నిజం ఎంతో అతనికే తెలియలేదు.

"బావగారు అంతా చెప్పేశారక్కా."

గరిటె చప్పుడు ఆగింది. "చెప్పేశారా! నా చేత పిల్లల మీద ఒట్టు పెట్టించుకుని తనే చెప్పేశారా! ఈ మగాళ్ళ కడుపులో ఏదీ దాగదే తల్లీ. ఏడవకు. నా బంగారు కదూ. నేను మాత్రం ఎంతకాలమని మోయను చెప్పు? రాత్రీపగలూ గుండెల మీద బండలాగే ఉంది."

"ఎంతకాలం ఉంటాడన్నారక్కా?" గొంతు ఈసారి నిజంగానే జారింది.

"ఏదో లెక్క కడతారటే. పుండు ఎంత లోతు దిగింది, మెడలో గ్రంథులకి పాకిందా, గ్రంథి పైపెంకు చిట్లిందా, అన్నీ కంప్యూటర్లో వేస్తే తేలుతుందట. మనవాడిది చిట్లిందట. కరెంటు పెడితే సగం సగం అన్నదట డాక్టరమ్మ."

కరెంటంటే రేడియేషన్. ఆ మాట పలకలేనివాళ్ళంతా కరెంటనే అంటారు.

"పెట్టించలేదేం మరి?"

"చెప్పలేదా ఆ సంగతి? ఇంటికొచ్చి గోడకి తల కొట్టుకున్నారే మీ బావగారు. సగం కాలిన బట్టీ ఒక బట్టీయేనా, ఆ సగం కోసం మళ్ళీ వాణ్ణి నిప్పులో పెట్టనా, ఉన్నన్నాళ్ళు ఉంటాడు, ఇష్టమైంది తిననీ అన్నారు. మా తమ్ముడికి ఇష్టం లేదని డాక్టరమ్మతో చెప్పేశారు. అవతల ఆసుపత్రివాళ్ళు ఫోను మీద ఫోను. ఈయన ఎత్తడం మానేశారు."

కిటికీ కింద అగ్గిమేస్త్రీ పిడికిట్లో పెరటిమట్టి ఉండైంది. ఇష్టం లేదన్నాడట. తన ఇష్టం. చెప్పడానికి వాడెవడు! ఉన్న సగం నాలుకతో ఒక బూతు అన్నాడు. అది మటుకు స్పష్టంగా వచ్చింది.

మర్నాడు మొదటి బస్సుకే భార్యాభర్తలు పెద్దాసుపత్రికి వెళ్ళారు. మెడల మీద కట్లతో, ముక్కుల్లో గొట్టాలతో బల్లల నిండా జనం. లోపలికి వెళ్తున్నది, వస్తున్నది మాత్రం వాళ్ళు కాదు. వాళ్ళ కొడుకులూ అల్లుళ్ళూ తమ్ముళ్ళూ. రోగులు గోడలకి ఆనుకుని, బయటికొచ్చేవాడి మొహంలో తమ బతుకు వెతుక్కుంటున్నారు. కట్టు మార్పించుకొచ్చి తానూ అలాగే కూర్చున్నాడు ఆ రోజు. అది తలుచుకుంటే ఒళ్ళు మండింది.

వంతు వచ్చింది. డాక్టరమ్మ పొట్టి మనిషి, కళ్ళజోడు, గొంతులో తొందర. భార్య వైపు చూసింది. "ఎలా తింటున్నారు ఈయన? నొప్పేమైనా అంటున్నారా?"

అగ్గిమేస్త్రీ అరచేత్తో బల్ల మీద కొట్టాడు. పెన్ను దొర్లి కింద పడింది.

"మీరు నా నోరు కోశారమ్మా. చెవులు కొయ్యలేదు. నన్నడగండి."

డాక్టరమ్మ ఈసారి అతని వైపు కుర్చీ తిప్పింది.

"కరెంటు నాకు ఇష్టం లేదని ఎవరు చెప్పారు?"

"మీ అన్నగారు."

"అప్పుడు నేనెక్కడున్నాను?"

"పక్కగదిలో. మీకు కట్టు మారుస్తున్నారు."

"పక్కగది అంత దూరమా అమ్మా?"

ఆమె కింద పడ్డ పెన్ను తీసి బల్ల మీద పెట్టింది. "దూరం కాదు. నేను రాలేదు, అంతే. ఇక్కడ అందరం ఇంటివాళ్ళతోనే మాట్లాడతాం. పేషెంటు బెంబేలెత్తిపోతాడని."

"బెంబేలెత్తితే నేనెత్తుతాను. నా బెంబేలు కూడా మా అన్నే ఎత్తాలా?"

"తప్పే" అంది డాక్టరమ్మ. ఆ ఒప్పుకోలు అతనికి ఎందుకూ పనికిరాలేదు. కోపాన్ని ఎక్కడ దించుకోవాలో తెలియకుండా చేసిందంతే.

"సరే. నా లెక్క నాకు చెప్పండి. చక్కెర పూత పుయ్యకుండా చెప్పండి."

ఆమె కంప్యూటర్ తెర అతనికి కనిపించేలా తిప్పింది. నాలుకలోకి పుండు ఎంత లోతు దిగిందో వేలి గోరు మీద చూపించింది. మెడలో తీసిన గ్రంథుల్లో రెండింట్లో జబ్బు ఉందని, ఒకదాని పెంకు చిట్లి జబ్బు బయటికి పాకిందని చెప్పింది. ఇలాంటి కోతలు అయినవాళ్ళు ఎందరో, వాళ్ళలో ఎవరు ఉన్నారు, ఎవరు పోయారు అన్నది ముందే పోగేసి పెట్టారు. అందులో అగ్గిమేస్త్రీ వివరాలు వేస్తే అతనిలాంటి గుంపు ఒకటి విడిగా తేలుతుంది.

"మీలాంటివాళ్ళు పదిమంది ఉన్నారనుకోండి. కోతతో ఆపేస్తే అయిదేళ్ళకి ఇంచుమించు ముగ్గురు మిగులుతారు. కోత మీద కరెంటూ, దానితోబాటు మందూ ఎక్కిస్తే అయిదుగురు."

భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అగ్గిమేస్త్రీ వేళ్ళు ముడిచాడు, విప్పాడు.

"అంటే మధ్యలో ఇద్దరున్నారు."

"ఉన్నారు."

"ఆ ఇద్దర్నీ మా అన్న వద్దన్నాడు."

డాక్టరమ్మ అవునన్నట్టు తల ఊపింది.

"ఆ పదిమందిలో నేను ఎన్నోవాణ్ణి?"

"అది ఇది చెప్పదు. ఇది గుంపు సంగతి చెబుతుంది. మీ ఒక్కరి సంగతి తెలియదు దీనికి. నాకూ తెలియదు. చెప్పగలనన్నవాణ్ణి నమ్మకండి."

ఆ మాట అతనికి నచ్చింది. బట్టీ విప్పకముందే ఫలానా ఇటుక ఎలా కాలిందో చెబుతానన్నవాణ్ణి అతనూ నమ్మడు.

"అయితే మొదలుపెట్టండి. ఇవాళే."

"ఇవాళ కుదరదు." కళ్ళజోడు తీసింది. ఇదే అసలు కష్టమైన మాట అని ఆ తీసిన తీరులోనే తెలిసింది. "మీ పుచ్చుపళ్ళు ముందు తీయించాలి. కరెంటు తగిలిన దవడలో తర్వాత పన్ను పీకితే పుండు మానదు. తీసిన చోట మానడానికి రెండు వారాలు. అయిదుగురు అని చెప్పానే, అది ఆరువారాల్లోపు మొదలుపెట్టినవాళ్ళ సంగతి. మీకు అయిదోవారం నడుస్తోంది."

"అయితే అయిదు కాదన్నమాట ఇప్పుడు."

"కొంత తగ్గుతుంది. ఎంత అని అడిగితే చెప్పలేను."

గదిలో ఫ్యాను తిరుగుతోంది. అగ్గిమేస్త్రీ నోట్లో ఊరిన ఉమ్మి మింగలేక తుండుగుడ్డలో ఉమ్మాడు. ఈ నెలరోజులూ అన్న తనకి గుడ్లూ పాలూ పంపించాడు. తిని పడుకోమన్నాడు. తను తిని పడుకున్నాడు. మధ్యలోని ఆ ఇద్దరూ తలుపు తట్టి తట్టి వెళ్ళిపోతుంటే.

కరెంటు పడుతున్నకొద్దీ ఏమవుతుందో కూడా డాక్టరమ్మ దాచలేదు. నోటిలోపలి పొర ఊడుతుంది. ఉమ్మి ఎండిపోతుంది. రుచి పోతుంది. మింగలేకపోతే ముక్కులోంచి గొట్టం. "చాలామంది మధ్యలో మానేస్తారు. మధ్యలో మానేస్తే మొదలుపెట్టినా ఫలితం ఉండదు. ఆలోచించుకోండి."

"ఆలోచించడం మా అన్న పని. నాది చెయ్యడం. పళ్ళు పీకేవాళ్ళెక్కడున్నారో చూపించండి."

సాయంత్రం ఇద్దరూ బస్సు దిగి తిన్నగా బట్టీకే వెళ్ళారు. అంతకుముందు కాల్చిన బట్టీ ఇటుకని పనివాళ్ళు ఏరుతున్నారు. ఎర్రనివి ఒకపక్క, పాలిపోయినవి ఒకపక్క. పెద్దమేస్త్రీ దగ్గరుండి పురమాయిస్తున్నాడు. "పాలిపోయిందని విసిరెయ్యకురా! లోపలిగోడలకి పోతుంది. జాగ్రత్తగా దించు!"

అగ్గిమేస్త్రీ పాలిపోయిన ఇటుక ఒకటి తీసి అన్న కాళ్ళ దగ్గర పడేశాడు.

"ఇదేంటి?"

"ఏంట్రా, ఎండలో ఎక్కడికి..."

"ఇదేంటని అడిగాను."

అన్న మరదలి మొహం చూశాడు, తమ్ముడి మొహం చూశాడు. "సగం కాలిన ఇటుక."

"ఏం చేస్తావు దీన్ని?"

"అమ్ముతా."

"పారెయ్యవా?"

"పారెయ్యడమెందుకు? బంగారంలాంటి..." మాట మధ్యలోనే ఆగిపోయింది.

"ఆగావేం? చెప్పు!" ముద్దమాట బట్టీ అంతటికీ వినిపించింది. "ఈ ముప్పై ఏళ్ళలో సగం కాలిన ఇటుక ఒక్కటి పారేసినవాడివా నువ్వు? ముక్కలైతే పునాదిలోకి అమ్ముతావే! పొడైతే బాట మీదకి అమ్ముతావే! ఇటుకకి ఉన్న పాటి విలువ నాకు లేకపోయిందా? సగమని తెలియగానే నన్ను విసిరేశావా?"

పనివాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ నిలబడిపోయారు. పెద్దమేస్త్రీ ఇటుకల వరస మీద కూలబడ్డాడు.

"ఎవరు చెప్పారు?"

"డాక్టరమ్మ. నాకే. నా మొహం చూసి."

"బావగారూ" అంది భార్య. ఆమె ఆయన ఎదుట గొంతెత్తడం అదే మొదలు. "నాకైనా చెప్పాల్సింది."

"నీకు చెబితే వాడి మొహం ఎలా చూస్తావమ్మాయ్?"

"చూడలేకపోతే ఏడ్చేదాన్ని. ఏడుస్తూనే పెట్టించేదాన్ని."

పెద్దమేస్త్రీ చేతుల్లోని దుమ్ము తొడకేసి రుద్దుకున్నాడు, ఎంత రుద్దినా పోనట్టు. "నాన్న గొంతుజబ్బుకి కరెంటు పెట్టించినప్పుడు నువ్వు లేవురా. దూరం బట్టీల్లో పని నేర్చుకుంటున్నావు. నేనున్నాను. మెడ తోలు చొక్కా కాలరుకి అంటుకుని ఊడొచ్చేది. నీళ్ళు చెంచాతో పోస్తే రక్తంతో తిరిగొచ్చేవి. చంపెయ్యరా అని చేతులు జోడించేవాడు నాకు. నాకు, కన్నకొడుక్కి. ఆ కరెంటు పెట్టించమని చెప్పింది నేనేరా. సగం నయమవుతుందన్నారు అప్పుడు కూడా. మళ్ళీ అదే మాట ఈ నోటితో నీకోసం ఎలా చెప్పను?"

అగ్గిమేస్త్రీకి తెలిసిన తండ్రి చావు ఇది కాదు.

"నిద్రలో పోయాడని చెప్పావు నాకు."

"చెప్పాను."

"అప్పుడూ నువ్వే దాచావు."

"నీ మేలు కోరే..."

"నా మేలు నువ్వు కోరకు!" గొంతు చిట్లి, మెడ కుట్టు దగ్గర చురుక్కుమంది. "నాన్న ఎలా పోయాడో నాకు తెలియనివ్వలేదు. నేనెలా పోతానో నాకు తెలియనివ్వలేదు. ఇంట్లో చావులన్నీ నీ పెట్టెలో పెట్టి తాళం వేసుకుంటావా? భయం నీది అన్నా. చావు నాది. నీ భయానికి మేత నా బతుకా?"

అన్న కాళ్ళ దగ్గరి ఇటుకని చేత్తో పక్కకి జరిపాడు.

"అయిదుగురన్నది ఆ మనిషి. నువ్వు ఫోను ఎత్తకపోవడంతో అయిదు కాకుండా పోయింది. ఎంత పోయిందో ఆమెకీ తెలియదట. నీకు తెలుసా? లెక్కల్లో గట్టివాడివిగా, చెప్పు!"

జవాబు కోసం ఆగకుండా, చీకటి పడకముందే భార్యాభర్తలిద్దరూ ఇంటికొచ్చేశారు. ఆ పూట గుడ్డూ పాలూ వస్తే, గిన్నె గిన్నెలాగే గోడమీంచి తిరిగి వెళ్ళింది.

పళ్ళు తీశారు. దవడ మానిందన్నాక, వేడినీళ్ళలో మెత్తబడిన ప్లాస్టిక్ వల ఒకటి మొహం మీద పరిచి, ముక్కూ గడ్డం అచ్చుపడేదాకా నొక్కి పట్టారు. రోజూ ఆ వలని మొహానికి తొడిగి, బల్లకి బిగించేవాళ్ళు. కదలకూడదు. అందరూ బయటికి పోయి బరువు తలుపు మూసేవాళ్ళు. లోపల అతనూ, గిర్రుమనే యంత్రమూ.

ఎవరూ రమ్మనకుండానే అన్న కూడా వచ్చాడు. మొదటిరోజు బస్సులో పక్కన కూర్చోబోతే అగ్గిమేస్త్రీ సీటు మీద చెయ్యి పెట్టాడు. అప్పట్నుంచి పెద్దమేస్త్రీ వెనక సీట్లో కూర్చునేవాడు. ఆసుపత్రిలో బయట నిలబడేవాడు. తిరుగుబస్సులో మళ్ళీ వెనక సీటు. బట్టీ ఎవరు చూస్తున్నారని ఎవరూ అడగలేదు.

మూడోవారంలో నోరు పచ్చిపుండైంది. మంచినీళ్ళు గాజుపెంకుల్లా దిగేవి. మెడ కమిలి నల్లబడింది. తండ్రి కాలరు గుర్తొచ్చి చొక్కా మానేసి తుండు కప్పుకోవడం మొదలుపెట్టాడు. ఒక పొద్దున లేవలేదు. గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఇక చాలు అని చేత్తో సైగ చేశాడు.

భార్య తిట్టలేదు. ఈసారి ఆమెకీ తిట్టడానికి నోరు రాలేదు. పక్కన కూర్చుని మెల్లగా అంది. "బావగారు అప్పుడే బస్సుస్టాపు దగ్గరికి వెళ్ళిపోయారు. పోయి చెప్పి రానా, ఇవాళ్టినుంచి అక్కర్లేదని? మీరు చెప్పిందే నిజమైంది బావగారూ, మీ తమ్ముడికి ఇష్టం లేదట అని?"

అగ్గిమేస్త్రీ కళ్ళు తెరిచాడు. మోచేతి మీద లేచాడు. తుండు కోసం చెయ్యి చాచాడు.

బస్సులో ఆమె కిటికీ పక్క, అతను ఇటు. వెనక సీట్లో అన్న, ఒళ్ళో నీళ్ళసీసా. దారి సగమయ్యాక ఆమె గొంతు తగ్గించి అంది. "ముసలాయన రోజుకింత కుంగిపోతున్నాడు. ఒక్కమాట మాట్లాడరాదా?"

అతను ఒక్కో మాటా పుండు మీంచి జరుపుకుంటూ తెచ్చాడు.

"ఇప్పుడు మాట్లాడితే మెత్తబడతాను. మెత్తబడితే రేపు లేవను."

"మరి ఎప్పుడు?"

"అయిదేళ్ళు ఆగమను. అప్పటికి నేనుంటే వచ్చి అడుగుతాడు, అప్పుడు చూస్తా. లేకపోతే వాడి లెక్క వాణ్ణి చూసుకోమను."

వెనక సీట్లోవాళ్ళకి వినపడేంత గట్టిగానే అన్నాడు. ఆసుపత్రి దగ్గర బస్సు ఆగింది. అన్న ముందుకొచ్చి చెయ్యి అందించాడు. ఆ చేతిని దాటుకుని, కమ్మీ పట్టుకుని, అగ్గిమేస్త్రీ తనంతట తానే దిగాడు.